కోడ్ ఉచితమే, చూసుకునేవాళ్ళ జీతం ఎవరిది? ఓపెన్ సోర్స్ వైద్య రికార్డుల ముందున్న దారి

క్లుప్తంగా: ఆసుపత్రి రికార్డుల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి పనితనం కొరత లేదు, పోషణ కొరత ఉంది. అమెరికాలో విస్టా, ఆఫ్రికాలో ఓపెన్ ఎంఆర్ఎస్, మన దేశంలో బహ్మ్నీ, కేర్... అన్నిచోట్లా కథ ఒకే ముడి దగ్గరికి వస్తుంది. కోడ్ రాయడానికి డబ్బు దొరుకుతుంది, రాసినదాన్ని ఏళ్ళ తరబడి చూసుకోవడానికి దొరకదు. 2025లో అమెరికా సాయం ఆగాక ఈ ముడి ఇంకా బిగిసింది. మరోపక్క ఉమ్మడి డేటా ప్రమాణాలు వచ్చి, పోటీని సాఫ్ట్‌వేర్ మీది నుంచి డేటా మీదికి మళ్ళిస్తున్నాయి.

ఆభా నంబరు ఉంది, పాత కాగితం ఏది?

పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఓపీ చీటీ కౌంటరు దగ్గర ఇప్పుడు క్యూఆర్ కోడ్ అంటించి ఉంటోంది. ఫోనుతో స్కాన్ చేస్తే పేరూ వయసూ వాటంతటవే వెళ్ళి టోకెన్ వస్తుంది. తీరా లోపలికి వెళ్ళాక డాక్టరు అడిగేది పాత ప్రశ్నే: ‘ఇంతకుముందు చూపించుకున్న కాగితాలు తెచ్చారా?’ పద్నాలుగు అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు ఉండి కూడా ప్లాస్టిక్ కవరులో రిపోర్టులు మోసుకు తిరగడం ఎందుకో చాలామందికి అంతుబట్టదు.

ఆభా ఒక చిరునామా మాత్రమే. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఆ చిరునామాలనూ వాటి మధ్య దారులనూ ఏర్పాటు చేసింది. బీపీ ఎంత, షుగర్ ఎంత, ఏ మాత్ర ఎన్ని రోజులకు రాశారు అన్నవి ఎక్కించి దాచేది ఆసుపత్రిలో నడిచే మరో సాఫ్ట్‌వేర్. దాన్ని ఎలక్ట్రానిక్ మెడికల్ రికార్డు, పొట్టిగా ఈఎంఆర్ అంటారు. అది లేనిచోట, ఉన్నా రిజిస్ట్రేషన్‌కీ బిల్లుకీ తప్ప వాడనిచోట, ఆభాకు తగిలించడానికి ఏమీ ఉండదు. రికార్డులన్నీ ఢిల్లీలో ఒక గోదాములో పోగుపడతాయన్నది కూడా అపోహే. ఏ ఆసుపత్రి రికార్డు ఆ ఆసుపత్రిలోనే ఉంటుంది. రోగి ఒప్పుకుంటే అడిగినచోటికి వెళ్తుంది.

ఈ ఈఎంఆర్ సంగతి వచ్చేసరికి ‘ఉచితం’, ‘ప్రభుత్వానిది’, ‘ఓపెన్ సోర్స్’ అన్న మూడు మాటలు కలగాపులగం అయిపోతాయి. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ తయారుచేసిన ఈ-హాస్పిటల్ ప్రభుత్వానిదే. కానీ ఎవరైనా దించుకుని మార్చుకునేలా దాని కోడ్‌ని బయట పెట్టలేదు. ఇక ఉచితమన్నదానికి అమెరికాలో ప్రాక్టీస్ ఫ్యూజన్ మంచి ఉదాహరణ. చిన్న క్లినిక్‌లకు డబ్బు తీసుకోకుండా ఈఎంఆర్ ఇచ్చి, ప్రకటనలతో నడిచిన కంపెనీ అది. డాక్టర్ల తెరమీద కనిపించే వైద్య సూచనల్ని ఓపియాయిడ్ అనే మత్తు కలిగించే నొప్పి మందుల కంపెనీ ఒకదానికి లాభించేలా మలచడానికి ముడుపులు తీసుకుందన్న కేసులో 2020 జనవరిలో 14.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఆ సూచన తెరమీదకు ఎందుకు వస్తోందో డాక్టరుకు తెలిసే దారి లేదు. ఓపెన్ సోర్స్ అంటే కనీసం ఆ దారి ఉంటుంది. కోడ్ చదవొచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని ఇంకొకరికి ఇవ్వొచ్చు.

విస్టా: బాగా పనిచేసినా పక్కన పెట్టేశారు

ఈ రంగంలో బాగా పాతది, బాగా పెద్దది విస్టా. 1970ల చివర్లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో పుట్టింది. డాక్టర్లూ ప్రోగ్రామర్లూ పక్కపక్కన కూర్చుని, పై కార్యాలయానికి పూర్తిగా ఇష్టం లేకపోయినా, మంప్స్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కొంచెం కొంచెంగా అల్లుకుంటూ పోయారు. వార్డులో ఉదయం ఎదురైన ఇబ్బందికి వారంలోపే తెరమీద జవాబు దొరికే పద్ధతి అది. ప్రభుత్వ ఉద్యోగులు రాసింది కనుక కాపీరైట్ లేదు, అక్కడి సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. జోర్డాన్ తన ప్రభుత్వాసుపత్రుల్లో హకీమ్ పేరుతో పెట్టుకున్నది ఈ విస్టానే.

దాని బలం ఎక్కడ ఉందో బలహీనత కూడా అక్కడే పెరిగింది. ఏ ఆసుపత్రి అవసరం కొద్దీ ఆ ఆసుపత్రి మార్చుకుంటూ పోయేసరికి దాదాపు 130 వేర్వేరు విస్టాలు తయారయ్యాయి. పైనుంచి ఒక మార్పు వస్తే 130 చోట్ల సరిపోతుందో లేదో చూసుకోవాలి. మంప్స్ తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు. విస్టా కోడ్ చుట్టూ బయటి ప్రోగ్రామర్లను కూడగట్టడానికి 2011లో ఒసేరా అనే సంస్థను పెట్టారు. అది 2020లో మూతబడింది. ఈలోగా 2015లో అమెరికా రక్షణశాఖ తన ఆసుపత్రులకు ఈఎంఆర్ అమ్మే కంపెనీ సెర్నర్‌ని ఎంచుకోవడంతో, సైన్యంలోనూ రిటైరయ్యాకా ఒకే రికార్డు ఉండాలన్న వాదన బలపడింది. 2018లో మాజీ సైనికుల శాఖ కూడా సెర్నర్‌తో 1,000 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2022లో సెర్నర్‌ని ఒరాకిల్ కొనేసింది.

ఆ తర్వాత జరిగింది చూస్తే, డబ్బు పెట్టి కొన్నంత మాత్రాన మార్పిడి సాఫీగా సాగదని తెలుస్తుంది. 2020 అక్టోబరులో స్పోకేన్ నగరంలోని ఆసుపత్రిలో కొత్త వ్యవస్థ మొదలైంది. డాక్టరు రాసిన ఆర్డరు ఎవరికి వెళ్ళాలో వ్యవస్థకు అర్థం కాకపోతే ‘అన్‌నోన్ క్యూ’ అనే వరసలో పడిపోయేది. ఫలానా పరీక్ష చేయించమని రాసిన డాక్టరుకు అది వెళ్ళిందనే కనిపిస్తుంది. చేయాల్సిన విభాగానికి మాత్రం ఏమీ అందదు. అలా 11,000కు పైగా ఆర్డర్లు పోయాయనీ, వాటివల్ల 149 మందికి హాని జరిగిందనీ ఆ శాఖ తనిఖీ విభాగమే 2022లో నివేదిక ఇచ్చింది. 28 ఏళ్ళకు మొత్తం ఖర్చు 5,000 కోట్ల డాలర్ల దాకా తేలుతుందన్న స్వతంత్ర అంచనా కూడా అదే ఏడాది బయటికొచ్చింది. 2023 ఏప్రిల్‌లో కొత్త ఆసుపత్రులకు విస్తరించడం ఆపేసి, 2026లో మిషిగన్ నుంచి మళ్ళీ మొదలుపెడతామన్నారు. ఎప్పుడో పోవాల్సిన విస్టా మీదే అన్నాళ్ళూ ఆ శాఖ ఆసుపత్రుల్లో అత్యధికం నడుస్తూ వచ్చాయి.

5085 అనే అంకె కథ

ఓపెన్ ఎంఆర్ఎస్ 2004లో, హెచ్ఐవీ చికిత్స ఆఫ్రికాలో లక్షల మందికి అందడం మొదలైన రోజుల్లో పుట్టింది. అమెరికాలోని రీగెన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్, పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్ సంస్థలు కలిసి మొదలుపెట్టాయి. కెన్యాలోని ఎల్డొరెట్‌లో, తర్వాత రువాండాలో ముందుగా వాడారు. జీవితాంతం మందులు వాడాల్సిన రోగి ఆర్నెల్ల క్రితం ఎంత బరువున్నాడో తెలియకపోతే చికిత్సే సాగదు. ఆ అవసరం నుంచి వచ్చింది కాబట్టి దాని నిర్మాణం కూడా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలా ఉండదు.

మామూలుగా ప్రోగ్రామర్లు బీపీకి ఒక గడి, బరువుకు ఒక గడి పెట్టి పట్టిక తయారుచేస్తారు. రేపు కొత్తగా ఆక్సిజన్ శాతం రాయాలంటే పట్టికనే మార్చాలి. ఓపెన్ ఎంఆర్ఎస్‌లో అన్నిటికీ ఒకటే పొడుగాటి పట్టిక ఉంటుంది. ఒక్కో వరసలో ఏ రోగి, ఏ రోజు, ఏ విషయం, ఎంత అన్నవి మాత్రమే ఉంటాయి. విషయం దగ్గర పేరుకు బదులు అంకె ఉంటుంది. చాలా దేశాలు వాడుకునే సీల్ అనే వైద్య పదాల నిఘంటువులో 5085 అంటే పై బీపీ, 5086 అంటే కింది బీపీ, 5089 అంటే బరువు. ఎల్డొరెట్‌లో నర్సు ఎక్కించిన 5085, హైతీలో ఎక్కించిన 5085 ఒకటే. ఒకే అంకెకు ఇంగ్లీషులో ఒక పేరు, ఫ్రెంచిలో ఒక పేరు తగిలించుకోవచ్చు. కావాలంటే తెలుగులో ‘పై బీపీ’ అని పెట్టుకున్నా కింద డేటా చెక్కుచెదరదు. కొత్త జబ్బు వచ్చినప్పుడు నిఘంటువులో నాలుగు మాటలు చేర్చి ఫారం తయారుచేసుకుంటే చాలు, ప్రోగ్రామరు కోసం ఎదురుచూడక్కర్లేదు.

దీనికి మూల్యం కూడా ఉంది. పొడుగాటి పట్టిక నుంచి నెలవారీ రిపోర్టు లాగడం నెమ్మది, కష్టం. నిఘంటువుని ఒకరు కనిపెట్టుకుని ఉండకపోతే ‘షుగర్’కి నలుగురు నాలుగు అంకెలు పెట్టేస్తారు. అప్పుడు అంకెలుంటాయి గానీ అర్థం ఉండదు. తెరలు గీసే పని కంటే ఈ నిఘంటువు కాపలా పనికి అనుభవం ఎక్కువ కావాలి. బయటికి కనిపించదు కనుక గుర్తింపు తక్కువ, జీతం ఇచ్చేవాళ్ళు ఇంకా తక్కువ.

2025లో ఏం ఆగింది?

ఓపెన్ ఎంఆర్ఎస్ నలభైకి పైగా దేశాలకు పాకింది. కెన్యా ఈఎంఆర్, ఉగాండా ఈఎంఆర్ అన్నవి దాని మీద కట్టుకున్న జాతీయ రూపాలే. వాటికి సర్వర్లు, ట్రైనింగ్, ప్రోగ్రామర్ల జీతాలు ఎక్కువ భాగం వచ్చింది 2003లో మొదలైన అమెరికా ఎయిడ్స్ సాయ పథకం పెప్‌ఫార్ నుంచి. 2025 జనవరి 20న విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపేస్తూ ఉత్తర్వు వచ్చింది. అమెరికా విదేశీ సాయ సంస్థ యూఎస్ఎయిడ్ ద్వారా సాగే పనులు ఎక్కడివక్కడ ఆపమన్నారు. జూలై 1 నాటికి ఆ సంస్థే లేకుండా పోయింది.

ఇలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక్కసారిగా ఆగదు. ఆసుపత్రి గదిలోని సర్వర్ నడుస్తూనే ఉంటుంది. ముందు ఆగేది మనుషులు. పాస్‌వర్డ్ మర్చిపోయిన నర్సు ఫోన్ చేస్తే ఎత్తేవారు ఉండరు. బ్యాకప్ తీసుకున్నారో లేదో చూసేవారు ఉండరు. చికిత్స మార్గదర్శకం మారితే ఫారం మార్చేవారు ఉండరు. కొన్ని నెలలకు నర్సులు ముందుజాగ్రత్తగా పుస్తకంలో రాసి, తర్వాత తీరిక దొరికితే కంప్యూటర్లో ఎక్కించడం మొదలుపెడతారు. తీరిక దొరకదు. ఈఎంఆర్‌లు సాధారణంగా చచ్చిపోయేది ఇలాగే.

అలా కాక, డబ్బు కట్టి లైసెన్సు కొన్న సాఫ్ట్‌వేర్ అయితే కట్టాల్సింది కట్టని రోజు తలుపు మూసుకుంటుంది, డేటా అవతల ఉండిపోతుంది. ఓపెన్ సోర్స్‌లో తలుపు మూసుకోదు. కోడ్ చేతిలో ఉంది, డేటా చేతిలో ఉంది, చేయగలిగిన స్థానిక ఇంజినీర్లు కూడా ఇరవై ఏళ్ళ పనివల్ల తయారై ఉన్నారు. లేనిదల్లా దేశ బడ్జెట్‌లో వాళ్ళ జీతాలకు ఒక పద్దు. ఆ పద్దు పెట్టుకోగలిగిన దేశాల్లో ఇది నిలబడుతుంది, మిగతాచోట్ల పుస్తకాలకు తిరిగి వెళ్తుంది. డేటా ఎవరిదన్న ప్రశ్న కూడా వెంటనే ముందుకొచ్చింది. 2025 డిసెంబరులో కెన్యా, అమెరికా కొత్త ఆరోగ్య ఒప్పందం చేసుకున్న కొద్ది రోజులకే అందులో పౌరుల వైద్య డేటా ఇచ్చే భాగాన్ని కెన్యా హైకోర్టు తాత్కాలికంగా నిలిపివేసింది.

గనియారి నుంచి బయల్దేరిన బహ్మ్నీ

ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర గనియారి అనే ఊళ్ళో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి ఉంది. ఎయిమ్స్‌లో చదివిన డాక్టర్లు కొందరు పెట్టింది. అడవి పల్లెల నుంచి చాలా దూరం ప్రయాణించి వచ్చే రోగులు అక్కడి ఓపీలో ఎక్కువ. 2012-13లో థాట్‌వర్క్స్ కంపెనీ ఈ ఆసుపత్రి కోసం తయారుచేసిందే బహ్మ్నీ. పేరు చూస్తే మనకు బహమనీ సుల్తానులు గుర్తొస్తారు గానీ వాళ్ళకూ దీనికీ సంబంధం లేదు.

బహ్మ్నీలో కొత్తగా రాసినదాని కంటే కలిపి కుట్టినది ఎక్కువ. రోగి రికార్డుకు ఓపెన్ ఎంఆర్ఎస్, ల్యాబ్‌కి ఓపెన్ ఈఎల్ఐఎస్, మందుల స్టాకుకీ బిల్లుకీ ఓడూ... మూడూ ఓపెన్ సోర్సే. డాక్టరు తెరమీద పరీక్ష రాస్తే ల్యాబ్ వరసలో పడుతుంది, ఫలితం ఎక్కించగానే డాక్టరు తెరమీదికి తిరిగి వస్తుంది, డబ్బు లెక్క కౌంటరులో కనిపిస్తుంది. ఇంటర్నెట్ లేకపోయినా ఆసుపత్రిలోనే ఒక సర్వర్ పెట్టుకుని నడపొచ్చు. చిన్న ఆసుపత్రికి ఇది పెద్ద ఊరట. ఇబ్బందల్లా మూడు వేర్వేరు సాఫ్ట్‌వేర్లు మూడు వేర్వేరు బృందాల చేతుల్లో ఉండటం. ఒకదాని వెర్షన్ మారితే మిగతా రెండిటితో అతుకు ఊడిపోకుండా చూసుకోవాలి. ఆ అతుకులు చూసేవాళ్ళు నెట్‌లో దొరకరు, జీతమిచ్చి పెట్టుకోవాలి. లేదా సపోర్టు కంపెనీకి ఏటా కట్టాలి. ఆసుపత్రి యాజమాన్యాలు ‘ఉచితం’ అన్న మాట విని లెక్క వేసుకుంటాయి. తర్వాత యూపీఎస్, కేబుళ్ళు, కంప్యూటర్లు, డేటా ఎంట్రీ, ట్రైనింగ్, ఫారాల మార్పులు అన్నీ కలిపి బిల్లు చూసుకుని కంగారుపడతాయి. లైసెన్సు అన్నది మొత్తం ఖర్చులో ఒక ముక్క మాత్రమే.

ఇంకో దారి కూడా ఉంది, అది హైదరాబాద్‌లోనే కనిపిస్తుంది. ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ‘ఐస్మార్ట్’ అనే తన సొంత ఈఎంఆర్‌ని 2010 ప్రాంతం నుంచి వాడుతోంది. ఒకే అవయవం, ఒకే సంస్థ, సొంత ఇంజినీర్లు, పరిశోధన కోసం డేటా కావాలన్న స్పష్టమైన లక్ష్యం ఉండబట్టి ఆ దారి కుదిరింది. యాభై పడకల ఆసుపత్రికి అది అందని మాట. వాళ్ళకు మిగిలేవి నెలనెలా అద్దె కట్టే క్లౌడ్ సాఫ్ట్‌వేర్, ప్రభుత్వం ఇచ్చేది, లేదా బహ్మ్నీ లాంటి ఉమ్మడి సరుకు.

డబ్బు దేన్ని లెక్కపెడుతుందో అదే పెరుగుతుంది

2023 జనవరి నుంచి కేంద్రం ఆసుపత్రులకూ ల్యాబ్‌లకూ సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ ప్రోత్సాహక పథకం పెట్టింది. ఆభాతో లింకు చేసిన రికార్డుల సంఖ్యను బట్టి, గరిష్ఠంగా 4 కోట్ల రూపాయల దాకా ఇచ్చే ఏర్పాటు అది. పేరు డీహెచ్ఐఎస్. ఓస్లో విశ్వవిద్యాలయం నడిపే ప్రఖ్యాత ఓపెన్ సోర్స్ ఆరోగ్య గణాంకాల సాఫ్ట్‌వేర్ పేరు డీహెచ్ఐఎస్2 కావడంతో గందరగోళానికి ఇంకో పొర కలిసింది.

ఈ పథకం రికార్డుల సంఖ్యను లెక్కపెడుతుంది. మిషన్‌లో (ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్) రికార్డు ప్రయాణించేది ‘ఫైర్’ అని పలికే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణంలో. అందులో బీపీని బీపీగా, మాత్రను మాత్రగా విడివిడిగా పంపొచ్చు. ప్రిస్క్రిప్షన్ ఫొటో తీసి పీడీఎఫ్ చేసి అదే సంచిలో వేసి పంపినా రికార్డే. మొదటిదాన్ని అవతలి కంప్యూటర్ చదివి, ‘ఈ మందు పడదు’ అని డాక్టరును హెచ్చరించగలదు. రెండోది మనిషి కళ్ళతో చదువుకోవాల్సిందే. లెక్కలో తేడా లేనప్పుడు సులువైన దారే పెరుగుతుంది. నిఘంటువు మీద కష్టపడిన ఓపెన్ సోర్స్ ఈఎంఆర్‌కి ఈ పోటీలో ప్రత్యేకంగా కలిసొచ్చేది లేదు.

కేరళలో పుట్టిన ‘కేర్’ది వేరే కథ. 2020 మార్చిలో కోవిడ్ పడకల లెక్క కోసం వాలంటీర్లు మొదలుపెట్టిన కోడ్ అది. తర్వాత తెలంగాణతో సహా పలు రాష్ట్రాల్లో చిన్న ఊళ్ళ ఆసుపత్రులకు ఐసీయూలు సమకూర్చిన ‘10 బెడ్ ఐసీయూ’ ప్రాజెక్టుకు వెన్నెముక అయింది. దూరంగా ఉన్న నిపుణుడు తెరమీద పేషెంట్ మానిటర్ చూస్తూ సలహా ఇవ్వగలిగే ఏర్పాటు అది. ఎమ్ఐటీ లైసెన్సుతో వస్తుంది కాబట్టి ఏ కంపెనీ అయినా తీసుకుని తన పేరుతో అమ్ముకోవచ్చు, మార్పులు తిరిగి ఇవ్వక్కర్లేదు. బహ్మ్నీది ఏజీపీఎల్ లైసెన్సు. మార్చి నెట్ ద్వారా సేవగా అందిస్తే, మార్చిన కోడ్‌ని ఆ సేవ వాడుకునేవాళ్ళకు ఇవ్వాలి. ఓపెన్ ఎంఆర్ఎస్‌ది రెండిటికీ మధ్య రకం. కంపెనీలకు ఎమ్ఐటీ ఇష్టం. ఉమ్మడి కోడ్ బలపడాలంటే ఏజీపీఎల్ మేలు. చిన్నదిగా కనిపించే ఈ తేడాయే పదేళ్ళ తర్వాత ఒక ప్రాజెక్టు ఒకటిగా ఉంటుందా, ముక్కలవుతుందా అన్నది చాలావరకు నిర్ణయిస్తుంది.

కోడ్ అందరికీ కనిపిస్తే భద్రమేనా?

2018 ఆగస్టులో ప్రాజెక్ట్ ఇన్‌సెక్యూరిటీ అనే బృందం మరో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అయిన ఓపెన్ ఈఎంఆర్‌లో ఇరవైకి పైగా తీవ్రమైన లోపాలు బయటపెట్టింది. లాగిన్ కాకుండానే రోగి వివరాలు చూడగలిగే లోపం కూడా వాటిలో ఉంది. ముందుగా ప్రాజెక్టుకు చెప్పి, సరిచేసిన కోడ్ వచ్చాకే వివరాలు ప్రకటించారు. కోడ్ తెరిచి ఉండటం వల్ల లోపాలు దొరికాయి, దొరికాయి కాబట్టి సరి అయ్యాయి. కానీ సరిచేసిన వెర్షన్‌ని ప్రతి క్లినిక్ ఎక్కించుకోవాలి. సొంతంగా కోడ్ మార్చుకున్నచోట ఎక్కించుకోవడం కుదరదు, వాయిదా వేస్తారు. అప్పటికి లోపం ఏమిటో లోకమంతా తెలిసిపోయి ఉంటుంది.

కోడ్ మూసి ఉంచినా రక్షణ దొరుకుతుందని లేదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద, డేటాకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాడి జరిగి ఈ-హాస్పిటల్ సేవలు సుమారు రెండు వారాలు స్తంభించాయి. అడ్మిషన్లూ ల్యాబ్ రిపోర్టులూ చేతిరాతకు మారాయి. అయిదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల డేటా గుప్తలిపిలోకి పోయిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. నెట్‌వర్క్‌ను సరిగా విభజించుకోకపోవడం కారణమని కూడా అదే జవాబులో ఉంది. రెండు సంఘటనల్లోనూ లైసెన్సు రకం కంటే ప్రతి వారం ప్యాచ్ (లోపం సరిచేసిన కోడ్) వేసేవాళ్ళు, బ్యాకప్ పరీక్షించేవాళ్ళు ఉన్నారా లేదా అన్నదే తేడా తెస్తుంది.

ఇక ముందు

ఓపెన్ సోర్స్ వాళ్ళు ఇన్నాళ్ళూ ‘మా దగ్గరైతే డేటా ఇరుక్కుపోదు’ అని చెప్పుకునేవారు. ఎఫ్‌హెచ్‌ఐఆర్ ఆ వాదన పదును తగ్గించింది. అమెరికాలో 2016 నాటి క్యూర్స్ చట్టం డేటాను పట్టి ఉంచడాన్నే తప్పుగా చూస్తుంది. మన దగ్గర మిషన్‌లో చేరాలంటే ఆ ప్రమాణం మాట్లాడాల్సిందే. కోడ్ మూసి ఉన్నా డేటా కదలగలిగితే, పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులకు ఓపెన్ సోర్స్ వైపు రావడానికి కారణం తగ్గుతుంది. అయితే అదే ప్రమాణం వల్ల మొత్తం వ్యవస్థ మార్చకుండా ల్యాబ్ ఒక్కటి, ఫార్మసీ ఒక్కటి ఓపెన్ సోర్స్‌తో పెట్టుకోవడం సులువైంది. ఇక మీదట ఓపెన్ సోర్స్ ఎదుగుదల ఆసుపత్రి మొత్తం కంటే ఇలా ముక్కల రూపంలోనే ఎక్కువ కనిపించవచ్చు.

ఏఐ రెండు వైపులా లాగుతోంది. పాత కోడ్ చదివి సరిచేయడం, తెరలను స్థానిక భాషల్లోకి మార్చడం చవకవుతుంది. ‘టూ డేస్ నుంచి ఫీవర్, రాత్రిళ్ళు చలి’ అని రోగి చెప్పే మాట విని నోట్స్ రాసే సాధనాలు వస్తున్నాయి. ఓపెన్ సోర్స్ ఈఎంఆర్‌కి తనకు నచ్చిన మోడల్‌ని తగిలించుకునే స్వేచ్ఛ ఉంది. కాకపోతే ఆ మోడల్ నడిపే ఖర్చు నెలనెలా వస్తుంది, మళ్ళీ జీతాల పద్దు దగ్గరికే చేరుస్తుంది.

ఈ రంగం ఎటు పోతుందో టెండరు కాగితాల్లో ముందే కనిపిస్తుంది. మెయింటెనెన్స్ పద్దు ఒకటో రెండో ఏళ్ళకే ముగుస్తోందా, అయిదారేళ్ళ దాకా ఉందా? కాంట్రాక్టు అయిపోయిన రోజున మొత్తం డేటాబేసు నిఘంటువుతో సహా అప్పగించాలని రాసి ఉందా, ‘రిపోర్టులు ఇవ్వవలెను’ అని రాసి వదిలేశారా? ప్రజాధనంతో చేయించిన మార్పులు ఉమ్మడి కోడ్‌లోకి తిరిగి వెళ్తాయా, మరో 131వ విస్టా అవుతాయా? ఒక రాష్ట్రం ఈఎంఆర్ కొంటున్నప్పుడు మొదటి పేజీలో సాఫ్ట్‌వేర్ పేరు ఏదైనా, ఈ జవాబులు చివరి అనుబంధంలో, చిన్న అక్షరాల్లో ఉంటాయి.